గ్రూపులో చివర నడిచే మనిషి గురించి

మా యాత్రల ఆఫీసుకి పని కావాలని వచ్చే పిల్లలు కాస్త అటూ ఇటూగా అందరూ ఒకే మాట అడుగుతారు, "అక్కా, లీడర్‌గా ఎప్పుడు పంపిస్తారు?" అని. చేతిలో జెండా, మెడలో విజిల్, బస్సులో మైకు, వాళ్ల కళ్లకు కనిపించే ఉద్యోగం అదే. హైదరాబాద్ నుంచి కాశీకి, గయకి, ప్రయాగకి, అరుణాచలానికి పెద్దవాళ్లను తీసుకెళ్లే పనిలో ఇన్నేళ్లుగా ఉన్నాక నాకు గట్టిగా అనిపించేది ఏంటంటే, గ్రూపు క్షేమంగా, సంతోషంగా తిరిగొస్తుందా లేదా అన్నది ముందు నడిచే మనిషి కంటే చివర నడిచే మనిషి మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది. ఆ మనిషిని మేం అసిస్టెంట్ అంటాం. సామాన్లు లెక్కపెట్టడానికి, వాటర్ బాటిళ్లు పంచడానికి పెట్టుకున్నారని చాలామంది అనుకుంటారు. నేను ఇప్పుడు లీడర్‌గానే వెళ్తాను, అయినా దారి కష్టంగా ఉన్న చోట, జనం ఎక్కువగా ఉన్న చోట జెండా అసిస్టెంట్ చేతికిచ్చి నేను చివరికి వెళ్లిపోతాను. ఎందుకో ఇక్కడ రాస్తున్నాను. ఈ పనిలోకి వద్దామనుకునేవాళ్లకి పనికొస్తుంది, అమ్మానాన్నలను మాలాంటివాళ్లతో పంపించేవాళ్లకి ఇంకా ఎక్కువ పనికొస్తుంది.

ముందు మా గ్రూపుల్లో ఎవరొస్తారో చెప్పాలి. ఎక్కువమంది అరవై దాటినవాళ్లే. వనస్థలిపురం, ఉప్పల్, కూకట్‌పల్లి, మల్కాజిగిరి నుంచి వస్తారు, నల్గొండ, సూర్యాపేట, వరంగల్ వైపు నుంచి ముందు రోజే వచ్చి చుట్టాలింట్లో దిగి మరీ వస్తారు. పిల్లలు అమెరికాలో ఉంటారు, లేకపోతే గచ్చిబౌలిలో సెలవు దొరకని ఉద్యోగంలో ఉంటారు. భర్త పోయాక అస్థికలు కలపడానికి వచ్చే అమ్మలుంటారు. రిటైరై, పిల్లల పెళ్లిళ్లు చేసి, ఇక మిగిలింది కాశీ ఒక్కటే అని జంటగా వచ్చేవాళ్లుంటారు. నాగపూర్ దాటి ఎప్పుడూ వెళ్లనివాళ్లు చాలామంది. నేను గమనించింది ఏంటంటే, మోకాళ్ల నొప్పులతో అందరికంటే వెనకపడే మనిషే సాధారణంగా ఈ యాత్ర కోసం అందరికంటే ఎక్కువ కాలం ఎదురుచూసిన మనిషి అయి ఉంటారు. డబ్బు కొంచెం కొంచెం దాచుకుని, పిల్లలు వద్దన్నా ఒప్పించుకుని వచ్చి ఉంటారు. వాళ్లే గుడి ముందుకి ఆఖరున చేరి, లోపల సరిగ్గా చూడకుండా బయటికొచ్చి, బస్సులో అందరూ ఎదురుచూస్తున్నారని సిగ్గుపడుతూ ఎక్కితే అది నాకు సహించదు.

ఇలా ఎందుకు జరుగుతుందో చూడండి. నలభై మంది గ్రూపు నడుస్తున్నప్పుడు ముందున్నవాళ్లు కాళ్లలో బలం ఉన్నవాళ్లు. సందు మలుపు దగ్గర లీడర్ ఆగుతాడు, వెనకవాళ్లు రావాలని. ముందువాళ్లు అయిదు నిమిషాలు నిలబడతారు, నీళ్లు తాగుతారు, ఫోటో తీసుకుంటారు, గాజులు బేరమాడతారు. చివరివాళ్లు ఆయాసపడుతూ వచ్చి చేరగానే "అందరూ వచ్చేశారా, పదండి పదండి" అని జెండా లేస్తుంది. అంటే విశ్రాంతి అవసరం లేనివాళ్లకు విశ్రాంతి దొరికింది, అవసరమున్నవాళ్లకు ఒక్క నిమిషం కూడా దొరకలేదు. రోజుకి ఇలా పది మలుపులు తిరిగితే సాయంత్రానికి ఆ పెద్దమ్మ కాళ్లు వాచిపోయి "నేను హారతికి రాలేనమ్మా, రూములో ఉంటాను" అంటుంది, మనమేమో ఆవిడకు ఓపిక లేదనుకుంటాం. అందుకే మా వాళ్లకు నేను పెట్టిన రూలు ఒకటుంది. ఎక్కడ ఆగినా విశ్రాంతి సమయం మొదలయ్యేది చివరి మనిషి కూర్చున్నప్పటి నుంచి. చివర నడిచే అసిస్టెంట్ చెయ్యెత్తితేనే జెండా లేవాలి. ముందువాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

ఇంకొక సంగతి కూడా ఉంది, దీన్ని ఆఫీసులో కూర్చునేవాళ్లు అసలు పట్టించుకోరు. మైకు పట్టుకున్న మనిషికి ఎవరూ మనసులో మాట చెప్పరు. పక్కన మెల్లగా నడిచే మనిషికే చెప్తారు. బీపీ మాత్రలు నిన్నటితో అయిపోయాయని, రాత్రి నుంచి విరేచనాలవుతున్నాయని, రూములో ఉన్నావిడ ఫ్యాను వెయ్యనివ్వడం లేదని, తెచ్చుకున్న డబ్బు పంతులుగారికే సగం అయిపోయిందని, ఇవన్నీ నడకలో, మెట్ల మీద, చెప్పులు విప్పుకునే చోట బయటికొస్తాయి. వీటిలో చాలావరకు సాయంత్రంలోపు తెలిస్తే చిన్న విషయాలు, రాత్రి రెండింటికి తెలిస్తే పెద్ద విషయాలు. అసిస్టెంట్ చెవి చురుగ్గా ఉంటే లీడర్‌కి సగం టెన్షన్ తగ్గుతుంది. అందుకే ఇంటర్వ్యూకి వచ్చినవాళ్లను నేను హిందీ వచ్చా, ఇంగ్లీషు వచ్చా అని అడగడం కంటే ముందు, మీ ఇంట్లో పెద్దవాళ్లు ఎవరున్నారు, వాళ్లు ఏం మాత్రలు వేసుకుంటారో తెలుసా అని అడుగుతాను.

ఈ ఆలోచన రైలు టికెట్ దగ్గరే మొదలు కావాలి. 60 దాటిన మగవాళ్లకు, 45 దాటిన ఆడవాళ్లకు కింది బెర్తుల కోటా ఉంది గానీ, అది ఒక టికెట్ మీద ఒక్కరో ఇద్దరో ఉన్నప్పుడే వర్తిస్తుంది. పని తొందరలో ఆరుగురిని కలిపి ఒకే టికెట్ మీద బుక్ చేస్తే ఆ కోటా పోయినట్టే, డెబ్బై ఏళ్లావిడకు పై బెర్తు వస్తుంది, ఇక రైలెక్కాక పెట్టె పెట్టెకీ తిరిగి "బాబూ, కొంచెం మార్చుకుంటారా" అని బతిమాలుకోవాలి. ఇద్దరిద్దరిగా బుక్ చేయడానికి టైము ఎక్కువ పడుతుంది, అయినా అలాగే చెయ్యాలి. బుకింగ్ ఇప్పుడు 60 రోజుల ముందు తెరుచుకుంటుంది, 2024 నవంబరుకి ముందు 120 రోజులు ఉండేది. అంటే గ్రూపు పేర్లు ఖరారు చేసుకునే రోజూ, టికెట్లు తీసే రోజూ దగ్గర దగ్గరగా వచ్చాయి. సీనియర్ సిటిజన్లకు ఛార్జీలో ఇచ్చే రాయితీ 2020 మార్చిలో తీసేశారు, ఇంకా తిరిగి పెట్టలేదు. ఇప్పటికీ "మాకు సగం టికెట్టే కదమ్మా" అని అడిగేవాళ్లున్నారు, వాళ్లకు ఓపికగా చెప్పాలి.

స్టేషన్ విషయం కూడా. చర్లపల్లి టెర్మినల్ 2025 జనవరిలో మొదలయ్యాక, సికింద్రాబాద్ స్టేషన్‌లో కొత్త కట్టడం పనులు జరుగుతున్నాయని కొన్ని రైళ్లను అక్కడికి మార్చారు. పెద్దవాళ్లకు రైలంటే సికింద్రాబాదే. టికెట్ మీద చర్లపల్లి అని ఉన్నా ఆటో ఎక్కి అలవాటుగా సికింద్రాబాద్ వెళ్లిపోతారు. మేము ముందు రోజు సాయంత్రం ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, వాళ్ల చేత స్టేషన్ పేరు తిరిగి చెప్పించుకుంటాం. వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాం కదా అనుకుంటే కుదరదు, ఆ మెసేజ్ కొడుకు చూస్తాడు, నాన్నకి చెప్పడం మర్చిపోతాడు. ఈ ఫోన్లు చేసే పని అసిస్టెంట్‌దే. ఆ మాటల్లోనే గొంతు గుర్తుపడతారు, మర్నాడు ప్లాట్‌ఫారం మీద "నువ్వేనా అమ్మా ఫోన్ చేసింది" అని దగ్గరికొస్తారు, సగం పరిచయం అప్పటికే అయిపోయి ఉంటుంది.

దానాపూర్ ఎక్స్‌ప్రెస్ పొద్దున బయల్దేరితే మర్నాడు మధ్యాహ్నానికి మొగల్‌సరాయ్‌లో దింపుతుంది. 2018లో ఆ స్టేషన్‌కి దీన్ దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్ అని పేరు మార్చారు, మా పెద్దవాళ్ల నోట్లో మాత్రం మొగల్‌సరాయే. మొదటి రోజుకి పులిహోర, పెరుగన్నం, పచ్చళ్లు ఇక్కడి నుంచే తీసుకెళ్తాం. వంటవాళ్లు సామాను తెస్తారు గానీ గ్యాస్ సిలిండరు, పొయ్యి మాత్రం అక్కడికి వెళ్లాకే ఏర్పాటు చేసుకోవాలి. ఈ ఒక్క విషయంలో నేను ఎవరి మాటా వినను. 2023 ఆగస్టు 26న మధురై స్టేషన్ దగ్గర ఆగి ఉన్న యాత్రికుల పెట్టెలో, దొంగచాటుగా తెచ్చిన సిలిండరుతో టీ కాస్తుంటే మంటలు లేచి కనీసం తొమ్మిది మంది చనిపోయారు. వాళ్లూ మనలాగే గ్రూపుగా దేవుడి దర్శనానికి వచ్చినవాళ్లే, ఉత్తరప్రదేశ్ నుంచి. చిన్న సిలిండరే కదా మేడమ్, ఎవరూ చూడరు అని ఏ వంటాయన అన్నా ఆ సంగతి చెప్పి, సిలిండరుతో రైలెక్కితే ఆ ట్రిప్పు తనకి లేదని చెప్పేస్తాను.

ఇప్పుడు ఎవరూ రాయని విషయం రాస్తాను, బాత్రూముల గురించి. కాశీ నుంచి గయ రోడ్డు మీద 250 కిలోమీటర్ల దాకా ఉంటుంది, లారీలు ఎక్కువ, అయిదారు గంటలు ఎటూ పోవు. మా అమ్మలు ఏం చేస్తారో తెలుసా? పొద్దున్నించి నీళ్లు తాగరు. దారిలో ఎక్కడ ఆపుతారో, అక్కడ ఎలా ఉంటుందో, మగవాళ్ల ముందు బస్సు ఆపమని ఎలా అడగాలో అని భయం. ఏప్రిల్, మే నెలల్లో అక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, ఆ ఎండలో నీళ్లు తాగకుండా కూర్చున్న మనిషికి షుగర్ మాత్ర వేసుకుని టిఫిన్ ఆలస్యమైందంటే కళ్లు తిరుగుతాయి, గయలో దిగగానే పడిపోతారు. అప్పుడు అందరూ ఎండ దెబ్బ అంటారు. అసలు కారణం బాత్రూము. ఈ సమస్యకి మందు చాలా సులువు. బస్సు కదలకముందే, "ఇక్కడి నుంచి గంటన్నరకి మొదటి స్టాపు, ఫలానా చోట, అక్కడ బాత్రూము ముందే చూశాం, శుభ్రంగా ఉంటుంది, ఆ తర్వాత మళ్లీ గంటన్నరకి ఇంకోటి" అని తెలుగులో గట్టిగా చెప్పాలి, అన్న టైముకి ఖచ్చితంగా ఆపాలి. ఎవరూ దిగకపోయినా ఆపాలి. రెండో రోజుకి నమ్మకం కుదురుతుంది, బాటిళ్లు ఖాళీ అవుతాయి. బస్సు ఆగినప్పుడు ముందుగా అసిస్టెంట్ వెళ్లి చూసి, నీళ్లున్నాయా, గడియ పడుతుందా, లోపల లైటుందా అని సరిచూసి, ఆడవాళ్లకు తోడుగా తలుపు దగ్గర నిలబడాలి. అందుకే ప్రతి గ్రూపులో కనీసం ఒక ఆడమనిషి పనిలో ఉండాలని నేను పట్టుబడతాను. మగపిల్లలు చాలా మంచివాళ్లున్నారు, ఎంతో ఓర్పుగా చేస్తారు, కానీ గంగలో స్నానం చేసి తడి చీరతో వణుకుతున్న పెద్దావిడకు నాలుగు పక్కలా దుప్పటి పట్టుకోవడం వాళ్ల వల్ల అయ్యే పని కాదు.

కాశీలో కష్టం వేరు. బస్సు లోపలికి రాదు. ఆటోల్లో, ఈ-రిక్షాల్లో గొదౌలియా దాకా వచ్చి అక్కడి నుంచి దశాశ్వమేధ ఘాట్‌కి నడవాలి, సాయంత్రం హారతి వేళకైతే భుజం భుజం రాసుకుంటూ నడవాలి. విశ్వనాథుడి గుడికి ఇదివరకు ఇరుకు సందుల్లోంచి వెళ్లేవాళ్లం, 2021 డిసెంబరు 13న కారిడార్ ప్రారంభమయ్యాక లోపల పెద్ద ఆవరణ వచ్చింది, గంగ వైపు ద్వారం వచ్చింది, పెద్దవాళ్లకు నిలబడడానికి చోటు దొరికింది, చాలా మంచి జరిగింది. అయితే గేట్లు చాలా ఉన్నాయి. ఏ గేటులో లోపలికి వెళ్లామో అక్కడి నుంచే బయటికి వస్తామన్న నమ్మకం లేదు. పైగా ఫోన్లు లోపలికి తీసుకెళ్లనివ్వరు, లాకరులో పెట్టాల్సిందే. అంటే విడిపోయిన మనిషి ఫోన్ చేయడానికి లేదు. అర్చన టికెట్ల గొడవలో, పూల దుకాణం దగ్గర, చెప్పుల దగ్గర నిమిషంలో మనిషి తప్పిపోతారు.

దానికి మేం చేసేవి మూడు పనులు. మొదటిది జంటలు కట్టడం. భార్యాభర్తలను ఒక జంట అనుకోవద్దు, ఇద్దరూ కలిసే తప్పిపోతారు. రెండు కుటుంబాలను కలిపి, నడవగలిగినవాళ్లను నడవలేనివాళ్లకు జత చేసి, మీరు వీళ్లను చూసుకోండి, వీళ్లు మిమ్మల్ని చూసుకుంటారు అని చెప్తాం. రెండోది మెడలో కార్డు. మన ఆఫీసు పేరు తెలుగులో, ఇంగ్లీషులో అందంగా అచ్చువేసిన కార్డు అక్కడ దేనికీ పనికిరాదు. దిగిన సత్రం పేరు, దగ్గర్లో అందరికీ తెలిసిన గుర్తు, లీడర్, అసిస్టెంట్ నంబర్లు హిందీలో పెద్ద అక్షరాలతో ఉండాలి, రిక్షా అతను చదవాలి కదా. మూడోది, తప్పిపోతే వెతుక్కుంటూ తిరగొద్దు, ఉన్న చోటే కూర్చోండి, మేమే వస్తాం అని ప్రతి గుడి ముందూ చెప్పడం. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు మన హిందీ కాస్త వచ్చు, అటూ ఇటూ అడుగుతారు. పల్లెల నుంచి వచ్చినవాళ్లకు ఒక్క ముక్క రాదు, కంగారులో నడుస్తూనే పోతారు. పాండే హవేలీ దగ్గర ఆంధ్రాశ్రమం వైపు వెళ్తే తెలుగు మాట వినపడుతుంది, ఏ షాపులో అడిగినా ఆ ఆశ్రమం దారి చూపిస్తారు, ఆ పేరు కూడా కంఠతా పట్టిస్తాం. విశాలాక్షి గుడికి, కాలభైరవుడి గుడికి వెళ్లే సందులు ఇప్పటికీ ఇరుకే, బైకులు వస్తాయి, ఆవులు అడ్డం నిలబడతాయి. అక్కడ ముందు ఎవరున్నా పర్వాలేదు, చివర మాత్రం అనుభవం ఉన్న మనిషే ఉండాలి.

లెక్క పెట్టడం గురించి ఒక్క మాట. బస్సు ఎక్కుతున్నప్పుడు లెక్కపెట్టొద్దు, ఎక్కినవాళ్లు వాటర్ బాటిల్ కోసమో అరటిపళ్ల కోసమో మళ్లీ దిగుతారు. అందరూ కూర్చున్నాక, తలుపు వేశాక, ఒకరు ముందు నుంచి వెనక్కి, ఇంకొకరు వెనక నుంచి ముందుకి లెక్కపెట్టి, రెండూ కలిస్తేనే డ్రైవర్‌కి సైగ చెయ్యాలి.

గయలో మాత్రం నాకు మనసు వేరే అవుతుంది. విష్ణుపాదం దగ్గర పిండప్రదానానికి కూర్చున్నప్పుడు పంతులుగారు గోత్రం, మూడు తరాల పేర్లు అడుగుతారు. తండ్రి, తాత, ముత్తాత, అటు తల్లి వైపు. అక్కడ కూర్చున్నాక చాలామందికి ముత్తాత పేరు గుర్తు రాదు, ఫోన్ తీసి ఊళ్లో ఉన్న బాబాయికి చేస్తారు, సిగ్నల్ ఉండదు, కళ్లలో నీళ్లు తిరుగుతాయి. అందుకే బయల్దేరే వారం ముందే, పేర్లన్నీ కాగితం మీద రాసుకుని రండి, ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాసుకోండి అని చెప్తాం. కొన్ని ఇళ్లలో ఆ కాగితం కోసమే అన్నదమ్ములు చాలాకాలం తర్వాత మాట్లాడుకున్నారని నాకు చెప్పారు. గయలో సొంతవాళ్లకే కాదు, స్నేహితులకు, గురువులకు, ఇంట్లో పనిచేసి పోయినవాళ్లకు, ఎవరూ లేనివాళ్లకు కూడా పిండం పెట్టొచ్చు. ఒకసారి సూర్యాపేట వైపు నుంచి వచ్చిన పెద్దమ్మ మెట్లు దిగుతూ నా చెయ్యి పట్టుకుని అడిగింది, తన కాన్పుల్లో తల్లిలాగా చూసుకున్న పక్కింటి ఆవిడ పేరు చెప్పొచ్చా అని, వాళ్లది వేరే కులమని, కొడుకు ముందు అడగాలంటే మొహమాటంగా ఉందని. చెప్పొచ్చు పెద్దమ్మా, ఇక్కడ అందరి పేర్లూ చెప్పొచ్చు అన్నాను, పంతులుగారికి నేనే వెళ్లి చెప్పాను, ఆయన వెంటనే సరే అన్నారు. మైకులో మాట్లాడే లీడర్‌ని ఆవిడ ఈ మాట అడిగి ఉండేది కాదు.

ఇదివరకు ఫల్గు నదిలో ఇసుక తవ్వితే తప్ప నీళ్లు కనిపించేవి కావు, 2022లో విష్ణుపాదం దగ్గర రబ్బరు డ్యాము కట్టాక నీళ్లు నిలుస్తున్నాయి. మెట్లు తడిగా ఉంటాయి, పాచి ఉంటుంది. చివరి మెట్టు దగ్గర ఒక మనిషి నిలబడాల్సిందే.

అక్షయవటం దగ్గర ఒక కాయ, ఒక పండు, ఒక ఆకు వదిలేసే ఆచారం ఉంది కదా. ఆ సాయంత్రమే అసిస్టెంట్ ఒక నోటు పుస్తకం పట్టుకుని అందరి దగ్గరికీ వెళ్లి ఎవరేం వదిలారో రాసుకుని వంటవాళ్లకు ఇవ్వాలి. ఒకాయన కాకరకాయ, ఒకావిడ వంకాయ, ఇంకొకరు జామపండు, ఇలా ఉంటాయి. ఆ రాత్రి వడ్డనలో పొరపాటున వంకాయ కూర పడిందంటే ఆవిడ ఏమీ అనదు, అన్నం పక్కకు నెట్టి మజ్జిగ తాగి పడుకుంటుంది. మర్నాడు నీరసం. ఆ నోటు పుస్తకం మా వంటవాళ్లకు మెనూ కంటే ముఖ్యం.

చలికాలం వెళ్లేవాళ్లకు పొగమంచు సంగతి చెప్పాలి. డిసెంబరు, జనవరిలో అక్కడ పొగమంచు అంటే మన వికారాబాద్ కొండల మీద పొద్దున కనిపించేది కాదు, పక్కన బస్సు కనపడదు, రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి. తిరుగు రైలు ఉన్న రోజు పొద్దున ప్రయాగ నుంచి బయల్దేరి అందుకుంటాం అని ప్లాన్ వేసే ఆపరేటర్లున్నారు, ఒక రోజు హోటల్ ఖర్చు మిగులుతుందని. ఆ నెలల్లో రైలెక్కే ఊరికి ముందు రోజు సాయంత్రమే చేరాలి. రాత్రి పూట బస్సు నడపొద్దు. డ్రైవర్ అన్న నిద్రపోయాడా లేదా అన్నది కూడా మన పనే, అతనికి వేళకి అన్నం పెట్టి, పడుకోవడానికి మంచం చూపించకుండా పొద్దున నాలుగింటికి రమ్మంటే ఎలా?

షాపుల గురించి క్లుప్తంగా చెప్తాను. బనారస్ చీరల షాపుకి గ్రూపుని తీసుకెళ్తే కమీషన్ ఇస్తారు, అందరికీ తెలిసిన సంగతే. నేను పని నేర్చుకునే రోజుల్లో ఒక లీడర్ ఘాట్ దగ్గర టైము కోసి షాపులో గంటన్నర కూర్చోబెట్టాడు, ఒకావిడ గంగ దగ్గర ఇంకో పది నిమిషాలు కూర్చోవాలని ఎంత అడిగినా వినలేదు. అప్పటి నుంచి మా గ్రూపుల్లో షాపు టైము ప్రోగ్రాంలో వేరేగా రాస్తాం, ఇష్టమున్నవాళ్లు వెళ్తారు, మిగతావాళ్లను అసిస్టెంట్ మళ్లీ ఘాట్‌కి తీసుకెళ్తుంది. కమీషన్ వద్దు, అదేదో ధర తగ్గించి ఇవ్వమని షాపు అతనికి ముందే చెప్తాం.

అరుణాచలం గిరిప్రదక్షిణ 14 కిలోమీటర్లు, పౌర్ణమి రాత్రి అయితే జనప్రవాహం. అక్కడ దారిలో ఎనిమిది లింగాలున్నాయి కాబట్టి ఒక్కో లింగం దగ్గర లెక్క చూసుకోవచ్చు, చివరి మనిషి రానిదే తర్వాతి లింగానికి కదలం. కేదార్‌నాథ్ అలా కుదరదు. గౌరీకుండ్ నుంచి 16 కిలోమీటర్ల ఎక్కుడు, గుడి ఉన్నది 3,583 మీటర్ల ఎత్తున, అక్కడ గాలి పలచన, ఒక్కొక్కరి వేగం ఒక్కోలా ఉంటుంది. ఒక్క అసిస్టెంట్‌తో ఆ కొండకి గ్రూపుని తీసుకెళ్లకూడదు, మధ్యలో ఒకరు, చివర ఒకరు కావాలి, తలనొప్పి, వాంతులు మొదలైన మనిషిని కిందికి దించుకొచ్చే అధికారం ఆ చివరి మనిషికి ఉండాలి, లీడర్‌కి ఫోన్ చేసి అడిగే అవసరం లేకుండా.

2023లో ఏప్రిల్ 22 నుంచి మే 3 దాకా గంగా పుష్కరాలప్పుడు కాశీ ఘాట్ల మీద ఎటు చూసినా తెలుగే వినపడింది. ఇక 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. 2015 జూలై 14న, మొదటి రోజే, రాజమండ్రి పుష్కర ఘాట్‌లో జరిగిన తొక్కిసలాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. అంత జనంలో గ్రూపుని తీసుకెళ్లేవాళ్లు చేయగలిగింది కొంచెమే, కానీ ఆ కొంచెం చెయ్యాలి. మొదటి రోజు, మొదటి గంట వద్దు. పుష్కర పుణ్యం పన్నెండు రోజులూ ఒకటే అని పెద్దవాళ్లకు నచ్చజెప్పాలి, పంతులుగారి చేత చెప్పిస్తే ఇంకా బాగా వింటారు. పేరున్న ఒక్క ఘాట్‌కే అందరూ వెళ్లకుండా చిన్న రేవు వెతకాలి. జనం నెట్టుకుంటే ముందుకి లాగే జెండా ప్రమాదం, అప్పుడు వెనక ఉన్న మనిషి ఆగమంటే అందరూ ఆగాలి.

ఇంత చెప్పాక జీతం మాట చెప్పకుండా ఉండలేను. చాలా ఆఫీసుల్లో లీడర్‌కి ఇచ్చే రోజు బత్తాలో సగం కూడా అసిస్టెంట్‌కి ఇవ్వరు. లీడర్‌కి విడిగా రూము, అసిస్టెంట్‌కి వంటవాళ్లతో హాల్లో చాప. యాత్ర చివర గ్రూపువాళ్లు ఇచ్చే బహుమానం లీడర్ జేబులోకే పోతుంది. అందుకే మంచి పిల్లలు రెండు సీజన్లు చేసి మానేస్తున్నారు, కార్తీకమాసం వచ్చేసరికి ఎవరో ఒకరిని పట్టుకొచ్చి చివర నిలబెడుతున్నారు. మా దగ్గర ఇద్దరికీ ఒకే బత్తా ఇవ్వాలని అడిగి అడిగి ఒప్పించాను, లీడర్లలో కొందరికి నా మీద కోపం, ఉన్నా పర్వాలేదు.

అమ్మానాన్నలను పంపించేవాళ్లు బుక్ చేసేముందు హోటల్ ఏసీనా, భోజనంలో ఎన్ని కూరలు అని అడుగుతారు. అవి అడగండి, వాటితో పాటు గ్రూపుతో ఎంతమంది వస్తున్నారు, అందులో ఆడవాళ్లు ఉన్నారా, చివర నడిచేది ఎవరు, వాళ్లు ఇంతకుముందు ఆ దారిలో వెళ్లారా అని కూడా అడగండి. ఆ మనిషి ఫోన్ నంబరు తీసుకుని, బయల్దేరకముందే ఒకసారి మాట్లాడి, నాన్నకి ఎడమ మోకాలు నొప్పి, అమ్మ అడగదు గానీ పదకొండింటికి ఏదో ఒకటి తినాలి అని చెప్పండి. మా అసిస్టెంట్లు ఇలాంటివి నోటు పుస్తకంలో మొదటి పేజీల్లోనే రాసుకుంటారు.